కుంటను ఎండనివ్వండి

మా వైపు కుంట ఒకటే అయినా సర్కారు పుస్తకాల్లో దానికి మూడు రకాల బతుకు. రెవెన్యూ అడంగల్లో అది ‘కుంట పోరంబోకు’. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, కేంద్ర భూవనరుల శాఖ కలిసి తయారుచేసిన బంజరు భూముల అట్లాసులో ‘కొన్ని నెలలు మాత్రమే నీరు నిలిచే చిత్తడి’ అని ఒక తరగతి ఉంది. ఉపగ్రహం కంటికి ఆనితే కుంట అక్కడికి, అంటే బంజరు లెక్కలోకి పోతుంది. మూడోది అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం 2011లో తెచ్చిన జాతీయ చిత్తడి నేలల అట్లాసు. అందులో రెండుంబావు హెక్టార్లకు మించిన చిత్తడి నేలలు 2,01,503. అంతకన్నా చిన్నవి 5,55,557. పెద్దవాటికి హద్దులు గీశారు, చిన్నవాటికి తలా ఒక చుక్క పెట్టారు. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చిత్తడి నేలల్ని కాపాడండని రాష్ట్రాలను ఆదేశించినప్పుడు లెక్కలోకి తీసుకున్నది హద్దులున్న ఆ రెండు లక్షల చిల్లరనే. మా కుంటల్లో ఎక్కువ భాగం చుక్కల్లో ఉన్నాయి.

నేను మట్టి పరీక్షల మనిషిని. అనంతపురం జిల్లాలో భూసార పరీక్ష కేంద్రంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రైతులు పాత చీర ముక్కల్లో, ఎరువుల సంచి కోతల్లో మూటకట్టి తెచ్చిన మట్టిని నీడన ఆరబెట్టి, నూరి, జల్లెడ పట్టి, ఉప్పెంత, సున్నమెంత, కర్బనమెంత అని కార్డు రాసివ్వడం నా పని. ఆ మట్టి కుంటలోదా, గట్టు మీదిదా, కుంట వెనక చేనుదా అని రాసే గడి మా కార్డులో ఉండేది కాదు. రాయకపోయినా చేతికి తెలిసేది. కుంట మట్టిని తడిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే తెగకుండా పట్టీలా సాగుతుంది. అదే ఎండితే రోకలికి కూడా లొంగదు.

ఎండాకాలంలో ఏ కుంట దగ్గరికి పోయినా రెండు మాటలు వినపడతాయి. ‘ఇది చచ్చిన కుంట మేడమ్’ అనేది ఒకటి. ‘దీంట్లో పన్నెండు నెలలూ నీళ్లుండేలా చేస్తాం’ అనేది రెండోది. మొదటి మాట అన్నవాళ్లు దాన్ని చదును చేసి లేఅవుట్ వేస్తారు, లేదా సబ్‌స్టేషన్ కడతారు. రెండో మాట అన్నవాళ్లు జేసీబీ తెస్తారు. కుంటకు సంబంధించినంత వరకూ రెండింటి ఫలితంలో పెద్ద తేడా లేదని నా అభిప్రాయం. కుంట ఏటా ఎండాలి. ఎండిన నెలల్లో అది చేసే పని నీళ్లున్న నెలల్లో చేసే పనికి ఏమీ తీసిపోదు. ఆ పనిని చూడని చట్టమూ, పథకమూ, సర్వే, మూడూ తలా ఒక చేయి వేసి ఈ కరువు నేలలో మిగిలిన కుంటల్ని ఖాళీ చేస్తున్నాయి.

ముందు నీటి లెక్క చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఏడాదంతా పరుచుకుని పడదు. పడమటి కనుమల నీడలో ఉన్నాం కాబట్టి జూన్, జులైల్లో మబ్బులు మా నెత్తిన గాలిలా పోతాయి. పుబ్బ, ఉత్తర, హస్త కార్తెల్లో, సెప్టెంబరు అక్టోబరుల్లో నాలుగు గట్టి వానలు పడితే అదే మా ఏడాది. ఆకాశం తిరిగి తీసుకునేదేమో దాదాపు రెండు మీటర్ల నీరు. ఇచ్చింది అర మీటరు, అడిగేది రెండు మీటర్లు. ఈ లెక్కలో ఏడాదంతా నీరు నిలవడం మా నేలకు సహజం కాదు. అక్టోబరు నడిమికి మోకాటి లోతు నిండిన కుంట తీసుకోండి. రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆవిరైనా వంద రోజులు ఉంటుంది. సంక్రాంతి దాటి, జనవరి చివరికి బురద తేలుతుంది. మా తాతల నాడూ అంతే. వాళ్లు అప్పుడు ‘కుంట చచ్చింది’ అనలేదు, ‘కుంట దిగింది’ అన్నారు.

నీరు ఎలా చేరుతుందో కూడా చెప్పాలి. మా గుట్టలు గ్రానైటు. వాటి వాలు మీద ఎర్రమట్టి, పల్లంలో నల్లమట్టి. ఎర్రమట్టి మీద వాన గట్టిగా కొడితే పైన పలచని పెచ్చు కడుతుంది, నీరు లోపలికి దిగకుండా జారుతుంది. జారే నీరు తనతో సన్నని బంకమన్నును మోసుకొచ్చి పల్లంలో దించుతుంది. వందల ఏళ్లు అలా దించుకుంటూ పోతే అదే కుంట అడుగు. అంటే కుంటకు సిమెంటు చేసింది వానే.

ఆ అడుగు చేసే విచిత్రం కొలిచి చూపినవాళ్లున్నారు. పటాన్‌చెరులో 1972లో పెట్టిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. అక్కడ కొలతలు తీస్తే, ఎండి నెర్రెలిచ్చిన రేగడి మొదటి అరగంటలో గంటకు 70 మిల్లీమీటర్లకు పైబడిన వేగంతో నీటిని తాగేసింది. కొన్ని రోజులు తడిశాక అదే నేల గంటకు పావు మిల్లీమీటరు కూడా తాగలేదు. కారణం అందులోని బంకమన్ను తీరు. దాని రేకుల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, పోతే ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు మనిషి చేయి దూరేంత నెర్రెలు పడతాయి, లోతు ఒక్కోచోట మీటరు దాకా పోతుంది. మొదటి వాన నీరు ఆ నెర్రెల్లోంచి నేరుగా అడుక్కు పోతుంది. తర్వాత నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, ఆపైన పడిన వాన పైనే నిలుస్తుంది. ముందు బావికి, తర్వాత గొడ్డుకు, కొంగకు. ఈ వంతుల వరస ఎవరూ కూర్చుని రాసింది కాదు.

ఇక్కడే ‘పన్నెండు నెలల నీళ్లు’ అనేవాళ్లతో నాకు పేచీ. అడుగు ఎన్నడూ ఎండని కుంటలో నెర్రెలు పడవు. నెర్రెలు పడకపోతే ఆ మొదటి గుటక భూమికి అందదు. పైగా సన్నని పూడిక, నాచు కలిసి అడుగును ఇంకా మూసేస్తాయి. భూగర్భ జలం నింపడానికి ప్రత్యేకంగా చెరువులు కట్టి నడిపే దేశాల్లో ఇంజనీర్లు వాటిని వంతులవారీగా కావాలనే ఎండబెడతారు. ఎండి, అడుగు పగిలి, పెచ్చులూడితేనే మళ్లీ ఇంకుతుంది. వాళ్లు ఖర్చుపెట్టి చేస్తున్న పనిని మా ఎండ ఊరికే చేసిపెడుతోంది.

కదిరి వైపు ఒక ఊరి కుంటను ఉపాధి హామీ కింద లోతు చేస్తుంటే చూడటానికి వెళ్లాను. గట్టు మీద ఒక గొర్రెల కాపరి కూర్చుని ఉన్నాడు, డెబ్బై దాటి ఉంటాయి. ‘ఏం పెద్దాయనా, బాగా లోతు తీస్తున్నారే’ అన్నాను. ‘యాడ బాగు తల్లీ. అడుగు పోగొడతాండారు. ఆ తెల్లమొరం కనపడినాదంటే ఇంగ నీళ్లు నిలబడవు’ అన్నాడు. చూస్తే నిజంగానే నల్లటి బంక పొర అయిపోయి గరుకు మొరం తేలింది. ఆ పొర మందం మనిషి నడుము ఎత్తు కూడా లేదు. అది పేరుకోవడానికి పట్టిన కాలం రాజుల లెక్కల్లో ఉంటుంది, తీయడానికి పట్టింది ఒక వారం. బోర్లకు నీళ్లు ఇంకుతాయిలే అని ఒక ఇంజనీరు నాతో వాదించాడు. ఇంకితే ఇంకుతాయి, కాదనను. అట్లాంటప్పుడు దాన్ని ఇంకుడుగుంత అనాలి కానీ కుంట బాగు చేశామని బోర్డు పెట్టకూడదు.

మట్టి రంగు గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. ఇదే నా అసలు విషయం కూడా. నీళ్లు నిలిచిన నేలలో ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు ఊపిరికి వేరే దారులు వెతుక్కుంటాయి. ముందు నైట్రేటును, తర్వాత మాంగనీసును, ఆ తర్వాత ఇనుమును వాడుకుంటాయి. ఎర్రమట్టికి ఎరుపు ఇచ్చేది ఇనుము తుప్పే. ఆ తుప్పు కరిగిపోయేసరికి మట్టి బూడిద రంగుకు, ఒక్కోచోట నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. నీరు దిగాక గాలి మళ్లీ లోపలికి వస్తుంది, అన్నిచోట్లకూ ఒకేసారి రాదు. తుంగ వేళ్లు వదిలిన సన్నని గొట్టాల వెంట, నెర్రెల అంచుల వెంట వస్తుంది. కరిగిన ఇనుము అక్కడే మళ్లీ తుప్పుగా గడ్డకడుతుంది. బూడిద రంగు మట్టిలో నారింజ గీతలు, చుక్కలు, అక్కడక్కడా మినపగింజంత నల్లని మాంగనీసు పలుకులు. ఎన్నడూ నీరు నిలవని చేలో ఈ గీతలుండవు, అంతా ఒకే ఎరుపు. ఎప్పుడూ నీటిలో ఉండే మడుగులోనూ పెద్దగా ఉండవు, అంతా ఒకే బూడిద. వచ్చి పోయే నీరు మాత్రమే ఆ సంతకం చేస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, చుక్క నీరు లేకపోయినా, మట్టిలోకి తిప్పి దించే ఆగరుతో రెండు అడుగులు దించి తీస్తే ఇక్కడ ఏటా నీళ్లు నిలుస్తాయా లేదా అన్నది చెప్పెయ్యొచ్చు. రికార్డులు దిద్దొచ్చు. ఈ గీతల్ని దిద్దడం ఎవరి వల్లా కాదు.

మరో సంగతి. 1958లో బిర్చ్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికా మట్టి మీద చేసిన పరిశోధన మా వృత్తిలో అందరికీ తెలుసు. బాగా ఎండిన మట్టిని తడిపితే సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేస్తాయి, సేంద్రియ పదార్థం విరిగి నత్రజని విడుదలవుతుంది. ఎంత ఎండితే అంత లేపు. మా రైతులకు బిర్చ్ తెలియదు, ఫలితం తెలుసు. కుంట దిగుతూ ఉంటే ఆ తేమ మీదే అంచు వెంబడి శనగ, ధనియాలు చల్లేవాళ్లు. ఎరువు వేసేవాళ్లు కాదు. ఎండిన అడుగును కొంత గీకి బండ్ల మీద ఎర్రచేలకు తోలేవాళ్లు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఈ అలవాటునే పెద్దఎత్తున తిరిగి లేపింది. 46 వేలకు పైబడిన చెరువులు, కుంటల్ని లెక్కలోకి తెచ్చింది, పూడికను రైతు పొలానికి చేర్చాలని చెప్పింది. ఆ ఆలోచన మంచిది. మట్టి పరీక్షల మనిషిగా నా ఓటు దానికే. అయితే పూడిక గీకడం వేరు, అడుగు తవ్వడం వేరు. మొదటిది చేతికొలత తెలిసిన పని. రెండోదానికి ఘనపు మీటరు రేటు ఉంది.

ఇక కుంటలో బతికేవాటి సంగతి. నిండిన పదిహేను రోజులకు నీటిని గ్లాసులో ముంచి ఎండకు పట్టి చూడండి. వేలి గోరంత, ఒంట్లోంచి వెలుగు పారే రొయ్యలాంటిది వెల్లకిలా ఈదుతూ కనపడవచ్చు. ఇంగ్లీషువాళ్లు ఫెయిరీ ష్రింప్ అంటారు. దాని బతుకు కొన్ని వారాలు. గుడ్లు మాత్రం ఎండిన మట్టిలో ఏళ్ల తరబడి ఆగుతాయి, తడి తగిలితే పొదుగుతాయి. అవి ఆగగలగడమే కాదు, చాలావాటికి ఒకసారి ఎండితే కానీ పొదగడం రాదు. కోరమాండల్ తీరం పేరు పెట్టుకున్న ఐసోయిటిస్ కోరమాండెలినా అనే గడ్డిలాంటి మొక్క ఇలాంటి వానగుంటల్లోనే మొలుస్తుంది. చూపుకు గడ్డి, వంశానికి గడ్డికన్నా కోట్ల ఏళ్లు పెద్ద. ఒడ్డున పొన్నగంటి, గుంటగలగర. వాన పడిన రాత్రి పసుపు రంగు తిరిగి అరిచే కప్పలు. కుంట ఎండుతుంది కాబట్టి పెద్ద చేపలు నిలదొక్కుకోవు. చేపలు లేవు కాబట్టి తోకకప్పలకు, రొయ్యలకు కాలం నడుస్తుంది. ఏడాదంతా నీరు నిలిపి, బొచ్చె పిల్లలనో, దోమల కోసం అమెరికా నుంచి వచ్చిన గంబూషియా చేపల్నో వదిలితే ఈ లోకమంతా వాటి కడుపులోకి పోతుంది.

తూనీగల గురించి చెబితే నమ్మరు. అక్టోబరు, నవంబరుల్లో మాల్దీవుల మీదికి కోట్లాదిగా తూనీగలు దిగుతాయి. అక్కడ వాటి పిల్లలు పెరిగేంత మంచినీటి గుంటలు కూడా సరిగా లేవు. ఆ దీవుల్లో ఉండి ఏళ్ల తరబడి తేదీలు రాసుకున్న జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో చెప్పినదేమంటే, అవి భారతదేశంలో వానగుంటల్లో పుట్టి, గాలివాటున సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయి. వానల వెంట గుడ్లు పెట్టుకుంటూ పోయే జాతి అది. గుంట రెండు నెలలు నిలిస్తే దానికి చాలు. మనం చిన్నప్పుడు తోకకు దారం కట్టి ఆడుకున్న తూనీగల్లో ఆ జాతీ ఉంది.

చిలమత్తూరు మండలం వీరాపురం పేరు చాలామంది విని ఉంటారు. ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి, ఊరు వాటిని కాపాడుకుంటుంది. ఈ కొంగ చేపను కంటితో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి నీటిలో పెట్టి, తగిలినదాన్ని పట్టుకుంటుంది. అందుకు దానికి కాలు మునిగేంత పలుచని నీరు కావాలి, చేపలు ఒకచోట కిక్కిరిసి ఉండాలి. అంటే దిగుతున్న చెరువు కావాలి. నిటారు గట్లు, రెండు మనిషి లోతుల నీరు ఉన్న చెరువు ఎంత నిండుగా ఉన్నా ఆ పక్షికి ఖాళీ కంచం.

ఇప్పుడు ఒక పథకం లెక్క చూడండి. 2022 ఏప్రిల్లో కేంద్రం అమృత్ సరోవర్ మొదలుపెట్టింది. జిల్లాకు 75 చెరువులు, ఒక్కోటి కనీసం ఎకరా విస్తీర్ణం, సుమారు పది వేల ఘనపు మీటర్ల నీరు పట్టాలి. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. పది వేలను దానితో భాగించండి. సగటు లోతు రెండున్నర మీటర్లు వస్తుంది. మోకాటి లోతు కుంటను ఈ కొలతకు తేవాలంటే పలుచని అంచు మొత్తం పోవాల్సిందే, వాలు పోయి గోడ రావాల్సిందే. ఎవరూ చెడు తలపెట్టలేదు. కాగితం మీద గీసిన ఒకే కొలత బీహారుకూ అనంతపురానికీ పంపితే జరిగేది ఇదే. ఆ తర్వాత చుట్టూ నడకదారి, బెంచీలు, జెండా దిమ్మె. నడకదారి మీద నాకు కోపం లేదు, కానీ అది సరిగ్గా తుంగ మొలిచే చోటే వస్తుంది.

లోతు ఒక్కటే చూసే అలవాటు పాతకాలపు చెరువు పనివాళ్లకు ఉండేది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పింది. దోషాల్లో చౌడు నేల ఒకటి. నీరు కొంచెమై నేల ఎక్కువ కావడం ఒక దోషం, నేల కొంచెమై నీరు ఎక్కువ కావడమూ దోషమే. ఎక్కువ నీటిని తప్పుల జాబితాలో రాసిన ఆ మనిషికి నేను దండం పెడతాను. ఈనాటి అంచనా పుస్తకాల్లో ఆ గడి లేదు.

చౌడు మాట వచ్చింది కాబట్టి ఆగుతాను. నల్లనేల పల్లాల్లో నీరు విడవకుండా నిలిస్తే చుట్టూ భూగర్భ నీటిమట్టం పైకి లేస్తుంది. నేలలోని ఉప్పు ఆ నీటితో లేచి, ఎండకు నీరు పోయి, ఉప్పు పైన మిగులుతుంది. తుంగభద్ర ఎడమ కాలువ కింద, కర్ణాటకలో సింధనూరు ప్రాంతంలో స్థిరపడిన మన తెలుగు రైతులను అడగండి, చౌడెక్కిన మళ్ల కథ వాళ్ల నోటనే వినొచ్చు. మా చిన్న కుంట నాలుగు నెలలు నిలిచి, దిగి, ఎండి, మళ్లీ మొదటి వానకు నెర్రెల్లోంచి కొంత ఉప్పును కిందికి కడిగేస్తుంది. ఇది ఉప్పు కార్డులు రాసిన చేత్తో చెబుతున్నాను. పక్క చేను మట్టికి ఉప్పు కొలిచే మీటరు ముల్లు ఎగిరిన చోట కూడా కుంట మట్టి చాలాసార్లు మామూలు అంకే చూపించేది.

చట్టం సంగతికి వద్దాం. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం చిత్తడి నేలను నిర్వచిస్తూ సహజమైనదైనా, మనిషి చేసినదైనా, శాశ్వతమైనా, తాత్కాలికమైనా సరే అంది. మన దేశం 1982లో అందులో చేరింది. మన కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది. మన సొంత నిబంధనలు 2017లో వచ్చేసరికి ఆ నిర్వచనానికి కత్తెర పడింది. తాగునీటికి కట్టినవి, సాగునీటికి కట్టినవి, చేపలకు, ఉప్పుకు కట్టినవి చిత్తడి నేలలు కావన్నారు. రాయలసీమలో, తెలంగాణలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు గట్టు పోయని పల్లం ఎక్కడుంది? గట్టు ఉంటే సాగు చెరువు, చిత్తడి కాదు. గట్టు లేకపోతే వట్టి పల్లం, బంజరు. ఎటు పోయినా కుంటకు ఆ చట్టం గొడుగు పట్టదు.

హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఎఫ్‌టీఎల్ అనే మూడక్షరాలు ఇంటింటి మాటయ్యాయి. నిండితే నీరు ఎంతవరకు వస్తుందో ఆ గీత. పెద్ద చెరువుకు అది పనికొస్తుంది. మరవ ఎత్తు ఉంది, దాని నుంచి కొలవొచ్చు. మరవ లేని, తూము లేని కుంటకు ఎఫ్‌టీఎల్ ఎక్కడి నుంచి కొలుస్తారు? మూడేళ్లు వాన లేకపోతే నిండు గీత చూసిన సాక్షి కూడా దొరకడు. అప్పుడు సాక్షి మట్టే. అమెరికాలో సైన్యపు ఇంజనీర్లు 1987 నుంచి వాడుతున్న పద్ధతిలో చిత్తడి హద్దు తేల్చడానికి నీరు, మొక్కలు, మట్టి మూడూ చూస్తారు. మట్టి సాక్ష్యాన్ని అంత గౌరవించిన దేశంలోనే 2023లో సుప్రీంకోర్టు, పెద్ద నీటితో పైపైన కలిసి ఉన్న చిత్తడికే సమాఖ్య జల చట్టం వర్తిస్తుందని చెప్పి విడిగా ఉన్న గుంటల్ని బయట వదిలేసింది. యూరప్ మాత్రం 1992 నాటి తన ఆవాసాల ఆదేశంలో మధ్యధరా ప్రాంతపు తాత్కాలిక కుంటల్ని మొదటి ప్రాధాన్యం ఇవ్వాల్సిన చోట్ల జాబితాలోనే చేర్చింది. స్పెయిన్, పోర్చుగల్ ఎండల్లో ఎండే గుంటలు అవి. మా ఎండ వాళ్ల ఎండకు తీసిపోయిందేమీ కాదు.

నాతో తగువు పడేవాళ్లు రెండు ప్రశ్నలు వేస్తారు. దోమల మాటేమిటని ఒకటి. ఎండే కుంటలో దోమ పిల్లలు కూడా ఎండుతాయి. తూనీగ పిల్లలు, నీటి పురుగులు ఉన్న కుంటలో వాటికి తినేవాళ్లుంటారు. దోమలు దండిగా పెరిగేది మురుగు చేరి ఎప్పుడూ ఎండని గుంటలో. దాన్ని ఎంతైనా తవ్వండి, నాకు అభ్యంతరం లేదు. రెండో ప్రశ్న బరువైనది. నీళ్ల కోసం అల్లాడే రైతుకు ఎండే కుంట గొప్ప చెబుతావా తల్లీ అని. చెబుతాను. ఊరికి సాగునీరిచ్చే చెరువు ఉంటే దాని పూడిక తీయండి, తూము బాగుచేయండి, పైనుంచి వచ్చే వంకల మీద కంప కొట్టండి. రైతు తన చేలో పంటకుంట తవ్వుకుంటే సాయం చేయండి. నేను అడుగుతున్నది ఆ చెరువుకు పైన, వాలు మీద వరసగా ఉండే అరెకరం, ఎకరం కుంటల గురించి. ఇవి దిగువ చెరువుకు పూడిక చేరకుండా ఆపుతాయి, ఉరవడి తగ్గిస్తాయి. వీటిని బావుల్లా తవ్వితే హస్త వాన మొత్తం వాటిలోనే ఆగి దిగువ చెరువు మరవ పారదు. ఆ తగాదా మా ఊళ్లకు కొత్త కాదు, కోర్టుల దాకా పోయినవి కూడా ఉన్నాయి. ఇప్పటికే బోర్లు నీటిమట్టాన్ని వందల అడుగులకు దించేశాయి, ఒకప్పుడు వంకల్లో పారిన ఊట కాలువలు ఆగిపోయాయి. కుంటకు వాన తప్ప వేరే దిక్కు లేదు. ఉన్న ఆ ఒక్క దారినీ సరిగ్గా వాడుకునేలా దాన్ని వదిలేయండి అంటున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగురుతున్నాయి, పాస్‌పుస్తకాలు మారుతున్నాయి. ఎండాకాలంలో ఎగిరిన డ్రోనుకు కుంట ఒట్టి మైదానంలా కనిపిస్తుంది. పక్క చేను యజమాని గట్టు రెండు సాళ్లు ముందుకు జరిపి ఉంటే కొత్త పటంలో ఆ రెండు సాళ్లు అతనివే అవుతాయి. అందుకే నేను కలెక్టర్లను అడిగేది చిన్నది. పోరంబోకు కుంటల కొలత చిత్త కార్తె వెళ్లాక పెట్టండి. వాన తప్పిన ఏడు అయితే మండల వ్యవసాయాధికారిని వెంట పంపండి, ప్రతి భూసార పరీక్ష కేంద్రంలోనూ ఆగరు ఉంటుంది. కుంట నడిమి నుంచి బయటికి పది అడుగులకు ఒక రంధ్రం చొప్పున నాలుగు దిక్కులా దించితే నారింజ గీతలు ఎక్కడ ఆగిపోయాయో తెలుస్తుంది. అక్కడ రాయి పాతి, సర్వే నంబరుతో పాటు ‘కాలానుగుణ చిత్తడి’ అని రాయండి. లోతు తీసే అంచనా ఏదైనా వస్తే, బంక పొర మందం ఎంత, అందులో ఎంత మిగిల్చారు అన్న గడి నింపకుండా బిల్లు పాస్ చేయకండి. ఒక్కో కుంటకు ఇద్దరు మనుషులకు ఒక పూట పని. ఆగరు పట్టుకోవడం చేతకాకపోతే చెప్పండి, రిటైరైన వాళ్లం జిల్లాకు పదిమందిమి ఉన్నాం, ఆటో ఛార్జీలు ఇస్తే వస్తాం.